1852 నాటి సీసపు అచ్చు నుంచి తెలుగు ఫాంట్: పేరు ఏం పెట్టొచ్చు?

సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసు వేపేరిలోని క్రిస్టియన్ నాలెడ్జ్ సొసైటీ ప్రెస్‌లో అచ్చయింది. ఆ అక్షరాల ఆధారంగా ఫాంట్ తయారవుతోంది. పుస్తకంలో ఒక్కో అక్షరం పడిన 8 నుంచి 10 ముద్రలు 1200 డీపీఐలో స్కాన్ చేసి, ఒకదానిపై ఒకటి పెట్టి గీస్తున్నాం. ఒక్క ముద్రనే నమ్మితే సిరా పాకి తలకట్టు లావెక్కుతుంది, ‘ప’, ‘వ’ల తేడా మసకబారుతుంది.

అక్షరాల గీత పాతదే కాబట్టి దాని హక్కుల గురించి పెద్దగా భయం లేదు. చిక్కంతా పేరుతోనే. ‘బ్రౌన్’ అంటే ఆయనే అక్షరాలు గీశాడనుకుంటారేమో. ‘వేపేరి’ ఊరి పేరు. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో 9వ తరగతిలో (సాఫ్ట్‌వేర్) వర్డ్‌మార్క్‌తో, అంటే అదే పేరుతో, పాటు ఫొనెటిక్, అంటే ఉచ్చారణ దగ్గరగా ఉన్న పేర్ల, వెతుకులాట కూడా చేస్తే సరిపోతుందా, 42వ తరగతి (సాఫ్ట్‌వేర్ రూపకల్పన సేవలు) కూడా చూడాలా?

ఇంకొకటి. పుస్తకంలో దొరకని వత్తులు కొన్ని ఓఎఫ్ఎల్ (ఓపెన్ ఫాంట్ లైసెన్స్ అనే స్వేచ్ఛా లైసెన్స్) ఫాంట్ నుంచి తెచ్చుకుంటే మొత్తం ఫాంటూ ఓఎఫ్ఎల్ కిందే విడుదల చేయాలి, ఆ ఫాంట్ చేసినవాళ్లు రిజర్వ్ చేసుకున్న పేరు వాడకూడదు. అందుకే కొత్తగా గీయడమే మేలనిపిస్తోంది. అలా కల్పించిన వత్తులను ‘పునరుద్ధరణ’ అనడం న్యాయమేనా? ఫాంట్ ఫైల్‌లో దాని పేరు, వివరాలు ఉండే నేమ్ టేబుల్‌లో 10వ ఐడీ, అంటే వివరణలో, ఏవి పాతవో ఏవి కొత్తవో రాస్తే చాలా? ఆ వివరణ ఎవరు తెరిచి చూస్తారు గనక! ఇలాంటి పని చేసినవాళ్లు ఈ పాత, కొత్త తేడాను ఎక్కడ ప్రకటించారో చెప్పండి.