నగరం ప్రమాదం డిటోనేషనేనా? అసలు ఆ అల వేగాన్ని ఎవరు నిర్ణయిస్తారు?

లంకకుర్రాడు:
మొన్న అంబాజీపేట సెంటర్లో టీ తాగుతుంటే మాట మన నగరం ఊళ్లో జరిగిన ప్రమాదం మీదికి మళ్లింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున పైపులైను లీకై, గ్యాసు ఊరంతా పరుచుకుని ఒక్కసారిగా అంటుకున్న సంగతి కోనసీమలో తెలియనివాళ్లు ఉండరు. అది డిటోనేషనే అంటాడు మా ఫ్రెండు. "అంత చప్పుడొస్తే మరింకేంటి?" అని వాడి వాదన. నేను కాదన్నాను గానీ, ఎందుకు కాదో చెప్పలేక నీళ్లు నమిలాను. మామూలు మంటకీ డిటోనేషన్‌కీ తేడా చప్పుడేనా? ఇంకో డౌటు కూడా ఉంది. ఒక్కో గ్యాసు మిశ్రమంలో డిటోనేషన్ ఒక్కో స్థిరమైన వేగంతో పోతుందని మా పుస్తకంలో రాశారు. ఆ వేగం ఎక్కణ్నుంచి వస్తుంది?

గేటుకాడిమాస్టారు:
చప్పుడుకేం నాయనా, తలుపులేసిన గదిలో వంటగ్యాసు అంటుకున్నా గోడలు పడతాయి. అది డిటోనేషన్ కాదు. మంట ఎలా ముందుకు పోతోందన్నదే తేడా. మామూలు మంటలో కాలుతున్న పొర తన వేడిని పక్క పొరకి అందిస్తుంది, అది అంటుకుని ఆ పక్కదానికి అందిస్తుంది. పైపులైను గ్యాసులో ఎక్కువగా ఉండేది మీథేన్. కదలకుండా ఉన్న మీథేన్, గాలి మిశ్రమంలో ఈ పని సెకనుకి 40 సెంటీమీటర్ల చొప్పున సాగుతుంది. నువ్వు నడిచే వేగం కంటే తక్కువే. డిటోనేషన్‌లో ముందు షాక్ వేవ్, అంటే ధ్వనిని మించిన వేగంతో పోయే ఒత్తిడి అల, పరిగెడుతుంది. అది గ్యాసుని నొక్కి వేడెక్కిస్తే ఆ వేడికే గ్యాసు అంటుకుంటుంది, ఆ మంట తోపుకి షాక్ వేవ్ నీరసపడకుండా ఉంటుంది. అదే మీథేన్, గాలిలో దీని వేగం సెకనుకి సుమారు 1,800 మీటర్లు. గాలిలో ధ్వని వేగం 340. తేడా నువ్వే చూసుకో.

ఇక రెండో డౌటు. ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు కొంచెం ఎత్తినప్పుడు చూశావా? గేటు కింద నుంచి నీళ్లు పల్చగా, అద్దంలా దూసుకొస్తాయి. కొంచెం దూరం పోయాక నురగలు కక్కుతూ ఒక్కసారి పైకి లేస్తాయి. అది హైడ్రాలిక్ జంప్. దాని అవతల నీళ్లు లోతుగా, నింపాదిగా పోతాయి. ఆ పల్చటి నీటిలో నువ్వు చెయ్యి పెడితే లేచిన అల ఎగువకి ఎక్కలేదు, ప్రవాహమే దాన్ని ఈడ్చుకుపోతుంది. ఇప్పుడు నువ్వు డిటోనేషన్ అల మీద కూర్చున్నావనుకో. కొత్త గ్యాసు ధ్వనిని మించిన వేగంతో నీ మీదికి వస్తుంది, షాక్ దగ్గర జంప్ కొట్టి నెమ్మదిస్తుంది. తర్వాత కాలుతూ వేడెక్కి, మళ్లీ వేగం పుంజుకుంటుంది. ఆ వేగం అక్కడి ధ్వని వేగంతో సరిసమానం అయ్యేచోట గీత గీసుకో. ఆ గీత వెనక నుంచి ఎవరెంత అరిచినా ముందున్న షాక్‌కి వినపడదు.

అలా గీత పడే వేగం కంటే అల ఎక్కువ వేగంతో పోతే? వెనక గ్యాసు వ్యాకోచిస్తూ పంపే నీరసపు అల ముందుకి చేరిపోయి షాక్‌ని వెనక్కి లాగుతుంది. తక్కువ ఉందామంటే సమీకరణాలు ఒప్పుకోవు. అందుకే వెనక నుంచి ఎవరూ నెట్టని అల ఆ ఒక్క వేగం దగ్గరే స్థిరపడుతుంది. 1899లో చాప్‌మన్, 1905లో జూగే చెప్పింది ఇదే. గమ్మత్తేమిటంటే, ఈ లెక్కలో గ్యాసు ఎంత త్వరగా కాలుతుందన్న మాటే రాదు. మొత్తం ఎంత శక్తి వచ్చింది, కాలిన గ్యాసు గుణాలేమిటి అన్నవి చాలు.

వాల్వుమనిషి:
మాస్టారూ, కాగితం మీద బాగానే ఉందండి. నేను పదహారేళ్లు గ్యాసు ప్లాంట్లలో చేశాను, ఈ "ఒకే వేగం" నాకెక్కడా కనపడలేదు. రాజమండ్రి వైపు క్వారీల్లో పనిచేసినవాళ్లని అడగండి. అదే పేలుడు మందు సన్న బోరులో పెడితే వేగం తగ్గుతుంది, మరీ సన్నదైతే మధ్యలోనే ఆగిపోతుంది. శక్తే అంతా నిర్ణయిస్తే బోరు వెడల్పుతో దానికేం పని? కాలడానికి టైం పడుతుంది, ఆ టైంలో పక్కల నుంచి ఒత్తిడి జారిపోతుంది. అంటే కాలే వేగం లెక్కలోకి వచ్చినట్టే కదండీ.

ఇంకోటి. గ్యాసుని బయటికి వదిలే వెంట్ పైపుల్లో మంట వెనక్కి రాకుండా అరెస్టర్లు పెడతాం. మంటని ఆపే రకం వేరు, డిటోనేషన్‌ని ఆపే రకం వేరు. పొడుగు పైపులో మంట పోతూ పోతూ వేగం పెంచుకుంటుంది. మొదటి రకాన్ని పైపు చివర కాకుండా ఎక్కడో మధ్యలో బిగిస్తే దానివల్ల ఉపయోగం లేదు. ఈ విషయంలో మా ఇంజనీరుతో ఒక రాత్రంతా గొడవ పడ్డాను. అప్పుడు పుస్తకం కాదండీ, పైపు పొడుగు పనికొచ్చింది.

కాటుకగిన్నె:
ఇద్దరూ చెరో సగం చెప్పారు. నేను మంటల మీద పరిశోధించే కంబశ్చన్ ల్యాబులో పనిచేస్తాను, మాది తాటిపాక దగ్గర.

మా అమ్మమ్మ ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి కాటుక పట్టేది. ల్యాబులో మేం చేసేదీ అదే. సన్నటి రేకుకి మసి పట్టించి ట్యూబు లోపల గోడకి ఆనించి పెడతాం. డిటోనేషన్ పోయాక రేకు తీసి చూస్తే మసి మీద పొలుసులు! అచ్చం పులస ఒంటిమీద వరసల్లా. 1959లో డెనిసోవ్, ట్రోషిన్ దీన్ని చూపించారు. అంతకుముందు 1940-43 మధ్య జెల్దోవిచ్, ఫాన్ నాయ్‌మన్, డోరింగ్ ఎవరికి వారు వేసిన బొమ్మలో ముందు చదునైన షాక్, దాని వెనక కాలే పొర, అంతే. గ్యాసుల్లో నిజానికి ఆ ముఖం చదునుగా ఉండదు. అడ్డంగా పోయే చిన్న షాకులు ఒకదాన్నొకటి ఢీకొంటుంటాయి, అవి కలిసే మూలలే మసిని గీకి ఆ పొలుసులు గీస్తాయి. ఒక్కో పొలుసు మొదట్లో అల సగటు కంటే ఒకటిన్నర రెట్లు వేగంగా పోతుంది, చివరికి వచ్చేసరికి సగటు కంటే బాగా పడిపోతుంది. మళ్లీ ఢీ, మళ్లీ పరుగు. "స్థిరమైన అల" అనేది దూరం నుంచి చూసేవాళ్ల మాట.

అయినా వెడల్పాటి ట్యూబులో సగటు తీస్తే మాస్టారి లెక్కకి ఒకటి రెండు శాతం తేడాతో సరిపోతుంది! నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. కాబట్టి వేగం వరకూ మాస్టారు రైటు. అసలు అల బతుకుతుందా చస్తుందా అన్నచోట వాల్వుమనిషి అన్న రైటు. అది తేల్చేది పొలుసు సైజు, పొలుసుని తేల్చేది కాలే టైం. ట్యూబులోంచి ఆరుబయటికి వచ్చిన అల ఆరిపోకుండా ఉండాలంటే ట్యూబు వెడల్పు సుమారు 13 పొలుసులుండాలి. హైడ్రోజన్, గాలికి పొలుసు ఒకటిన్నర సెంటీమీటర్లు, అంటే జానెడు ట్యూబు చాలు. మీథేన్, గాలికి పొలుసే 30 సెంటీమీటర్లు. నాలుగు మీటర్ల వెడల్పు ట్యూబు కావాలి.

గేటుకాడిమాస్టారు:
పొలుసుల సంగతి ఒప్పుకున్నానమ్మా. మా రోజుల్లో సిలబస్ చదునైన అలతోనే ఆగిపోయింది. క్వారీ సంగతి మాత్రం వేరేగా చూడాలి. సన్న బోరులో అల తన శక్తి మొత్తాన్ని గీతకి ముందే వాడుకోలేకపోతోంది. ఎంత వాడుకుందో అంత శక్తి వేసి లెక్క కడితే వేగం దానికి తగ్గట్టే తగ్గుతుంది. సూత్రం ఎక్కడికీ పోలేదు.

వాల్వుమనిషి:
ఎంత వాడుకుందో చెప్పేది మళ్లీ కాలే వేగమే కదండీ మాస్టారూ! పోనివ్వండి. నగరం సంగతికి వద్దాం. అది డిటోనేషన్ కాదని నేను అంత ఈజీగా వదలను. 2005 డిసెంబరులో ఇంగ్లండు బన్స్‌ఫీల్డ్‌లో పెట్రోలు ట్యాంకు పొంగి ఆవిరి పరుచుకుంది. రోడ్డు పక్క చెట్లలో, పొదల్లో మంట సుళ్లు తిరిగి వేగం పెంచుకుని డిటోనేషన్‌గా మారి ఉంటుందని తర్వాత పరిశోధించినవాళ్లు తేల్చారు. మరి మన కొబ్బరితోటల మాటేమిటి? అడుగడుక్కీ చెట్టే.

కాటుకగిన్నె:
మంచి ప్రశ్న అన్నా. కానీ అక్కడ ఉన్నది పెట్రోలు ఆవిరి, దాని పొలుసు మీథేన్ కంటే చాలా చిన్నది. పైగా అక్కడివి కింది నుంచీ కొమ్మలున్న దట్టమైన పొదలు. కొబ్బరిచెట్టుకి కింద నున్నటి మానే కదా, మట్టలన్నీ పైనే. అన్నిటికంటే ముందు ఫొటోలు చూడండి. డిటోనేషన్ పోయినచోట, గ్యాసు మబ్బు లోపల, ఒత్తిడి వాతావరణ పీడనానికి పదిహేను రెట్లు దాటుతుంది. ఇటుక గోడ ఏదీ నిలబడదు. నగరంలో మట్టలు మాడిన కొబ్బరిచెట్లు నిలబడే ఉన్నాయి, కాలిన ఇళ్ల గోడలూ ఉన్నాయి. అంతమందిని పొట్టన పెట్టుకున్నది మంట, షాక్ కాదు. గ్యాసులో బరువైన ఆవిరి ఎక్కువ కలిస్తే లెక్క మారుతుందని అంటే మాత్రం ఒప్పుకుంటాను.

వాల్వుమనిషి:
గోడల మాట నిజమే. 1995లో పాశర్లపూడి గ్యాసు బావి రెండు నెలలకి పైగా మండినప్పుడు రాత్రిళ్లు మా పెరట్లో నీడలు పడేవి. ఆ హోరు కూడా చిన్నది కాదు. అదీ ఎగజిమ్మే మంటే, డిటోనేషన్ కాదు. ఈసారికి తగ్గాను.

లంకకుర్రాడు:
ఆయ్, అందరికీ థాంక్సండీ. మాస్టారు చెప్పిన జంప్ ఇంట్లో చూశాను. సింకులో పళ్లెం బోర్లించి కుళాయి తిప్పితే నీటిధార చుట్టూ పల్చటి గుండ్రం, దాని అంచున గట్టులా లేచిన నీళ్లు. గుండ్రం లోపల అగరబత్తి పుల్ల గుచ్చితే నీళ్లు పుల్ల వెనక వి ఆకారంలో చీలాయి, అల ఒక్కటీ ధార వైపు పోలేదు. గట్టు బయట గుచ్చితే అలలు అన్ని వైపులా పోయాయి. అమ్మ వచ్చి కుళాయి కట్టేసింది. మా ఫ్రెండుకి ఇదంతా చదివి వినిపించాను. చప్పుడు మాట వదిలేశాడు గానీ, ఇప్పుడు కొబ్బరితోట కింద పోకమొక్కలు, అరటి దట్టంగా ఉంటే మాటేమిటని పట్టుకున్నాడు. కాటుకగిన్నె అక్కా, దీనికేం చెప్పమంటారు?