సమస్య: "వదలివేయ వేయ వడియె హెచ్చె"

విశాఖ ఫ్రంట్-ఎండ్ (వెబ్ పేజీల తెర వైపు కోడ్ రాసే) మిత్రులకు ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాం. వదిలేస్తే వేగం పెరగడమేమిటన్నదే చిక్కు. స్టేట్ అప్‌డేట్లను థ్రాటిల్ చేసే, అంటే నిర్ణీత వ్యవధికి ఒకటే అమలయ్యేలా చూసే, కాంపొనెంట్ (పేజీలోని ఒక భాగం) మీదుగా విప్పండి. ఏది వదలొచ్చో, ఏది వదలకూడదో పద్యంలోనే తేలాలి.

మధురవాడ నుంచి:

మౌసు కదల కదల మాటిమాటికి గీయ
తెరకు మోయలేని తిప్పలాయె
ఫ్రేము నడుమ వచ్చు గీతల నన్నియు
వదలివేయ వేయ వడియె హెచ్చె

నిర్వాహకులు: ధార బాగుందండీ. మొదటి పాదంలో మౌ-మా యతి చెల్లింది. మూడో పాదంలో తప్పింది, ఫ్రేకి గీ కుదరదు. "రేఖల నన్నియు" అని సవరించండి, గణాలు చెదరవు. ఫ్రేమును (తెర ఒకసారి కొత్తగా గీసుకునే వ్యవధిని) కొలతగా పట్టడం మెచ్చుకోదగ్గది. 60 హెర్ట్జ్ తెరకు ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు, 120 హెర్ట్జ్ తెరకు 8.3. అందుకే సెట్‌టైమౌట్‌లో 16 అని రాసి కూర్చోకుండా, ప్రతి ఫ్రేముకు ముందు బ్రౌజరే పిలిచే రిక్వెస్ట్‌యానిమేషన్‌ఫ్రేమ్ వాడాలి.

సీతమ్మధార నుంచి: యతి సరే, "అన్నియు" దగ్గరే నాకు అభ్యంతరం. అన్నీ వదిలితే ఆఖరిదీ పోతుంది; చెయ్యి ఒకచోట ఆగితే బొమ్మ ఇంకోచోట ఆగుతుంది. లోడాష్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ థ్రాటిల్‌లో మొదటి పిలుపూ చివరి పిలుపూ రెండూ మామూలుగానే ఉంటాయి. డేట్.నౌతో సమయం చూసి అయిదు వరుసల్లో సొంతంగా రాసుకునేవాళ్లు చివరిది మరిచిపోతారు. ఇంకొకటి, చేతిరాత గీసే కాన్వాస్‌లో నడిమి బిందువులు కూడా కావాలి, లేకపోతే వంపులు మూలలు తేలతాయి. పాయింటర్ ఈవెంట్ (మౌసు, వేలు కదలిక కబురు) మీద గెట్‌కొయలెస్డ్‌ఈవెంట్స్ పిలిస్తే అవి దొరుకుతాయి. నా పూరణ:

ఓడ జాడ తెలుపు నొక్కొక్క సందేశ
మునకు తెరను మార్చ మోత కాదె
కడది నిల్పి పాత గతులను మాత్రమె
వదలివేయ వేయ వడియె హెచ్చె

నిర్వాహకులు: "కడది నిల్పి" అన్న రెండు మాటలతో సమస్య విడిపోయింది. మన రేవు ముందరి ఓడల పటానికి అతికినట్టుంది. దీన్ని లిట్‌లో (వెబ్ కాంపొనెంట్లు కట్టే లైబ్రరీలో) ఎలా కడతారో చెప్పండి.

సీతమ్మధార నుంచి: ఒకే హ్యాండ్లర్‌లో పది ప్రాపర్టీలు మార్చినా లిట్ మైక్రోటాస్క్‌లో (ఆ హ్యాండ్లర్ ముగిసిన వెంటనే) ఒక్కసారే రెండర్ చేస్తుంది, అంటే తెర గీస్తుంది. కానీ వెబ్‌సాకెట్ (సర్వర్‌తో తెరిచి ఉంచే కనెక్షన్) సందేశాలు వేర్వేరు టాస్కులుగా వస్తాయి, అక్కడ లిట్ తనంతట తాను ఆపదు. కాబట్టి కాంపొనెంట్‌లో రియాక్టివ్ కాని (మార్చినా తెర గీయించని) మ్యాప్, అంటే కీ-విలువల పట్టిక, ఒకటి పెట్టండి. ఓడ తొమ్మిదంకెల ఎమ్‌ఎమ్‌ఎస్‌ఐ (ఓడ రేడియో గుర్తింపు) నంబరు కీ, తాజా స్థానం విలువ. కొత్తది వస్తే పాతదాని మీదే పడుతుంది. టైమర్ లేకపోతేనే కొత్త టైమర్ వేయాలి. అది మోగినప్పుడు కొత్త మ్యాప్ కట్టి ప్రాపర్టీకి అప్పగించాలి. పాత మ్యాప్‌నే లోపల మారిస్తే వస్తువు అదే కనుక లిట్‌కి మార్పు తెలియదు, తెర కదలదు.

వ్యవధి ఎంతన్నది లెక్క వేసుకోవాలి. క్లాస్ ఏ ఏఐఎస్ (జాడను రేడియోలో పంపే పరికరం) ఉన్న ఓడ నడుస్తుంటే 2 నుంచి 10 సెకన్లకోసారి, లంగరు వేసి ఉంటే 3 నిమిషాలకోసారి జాడ పంపుతుంది. వంద ఓడలు 10 సెకన్లకోసారి పంపినా సెకనుకు పది సందేశాలే. ఫ్రేముకొకటి అని హద్దు పెడితే ఏ సందేశమూ వదలాల్సి రాదు. 10 నాట్ల ఓడ సెకనుకు సుమారు 5 మీటర్లు కదులుతుంది. రేవంతా పట్టే పటంలో అది కంటికి ఆనదు. 1000 మిల్లీసెకన్లు హాయిగా సరిపోతాయి. తెగిన కనెక్షన్ మళ్లీ కలిసి, ఆగిన సందేశాలన్నీ ఒక్కుమ్మడిగా పడినప్పుడే ఈ మ్యాప్ విలువ తెలుస్తుంది.

గాజువాక నుంచి:

వెతుకు పెట్టె లోన వేలితో నక్షర
మాల నొత్తుచుండ మౌనమూని
చేయి యాగినపుడె చేర్చుచు, నడుమవి
వదలివేయ వేయ వడియె హెచ్చె

నిర్వాహకులు: "మౌనమూని" చక్కని ప్రయోగం. యతులన్నీ సరిగ్గా పడ్డాయి.

సీతమ్మధార నుంచి: పద్యం అందంగా ఉందండీ. అయితే ఇది డీబౌన్స్ (చెయ్యి ఆగాక ఒక్కసారే పంపడం), థ్రాటిల్ కాదు. వెతుకు పెట్టెకు 250-300 మిల్లీసెకన్ల డీబౌన్సే తగినది. పెట్టెలో కనబడే అక్షరాలను మాత్రం ఆపకండి, సర్వర్‌కి పోయే ప్రశ్ననే ఆపండి. పాత ప్రశ్నను అబార్ట్‌కంట్రోలర్‌తో రద్దు చేయకపోతే, ఆలస్యంగా వచ్చిన పాత జవాబు కొత్తదాన్ని తుడిచేస్తుంది. ఇదే డీబౌన్స్‌ను ఓడల పటానికి పెడితే సందేశాలు ఆగవు కనుక తెర ఎప్పటికీ మారదు, మాక్స్‌వెయిట్ (ఇంతకు మించి ఆగవద్దనే హద్దు) ఇవ్వాల్సిందే.

మధురవాడ నుంచి: రేఖల అని సవరించాను. రేవులోకి వచ్చిన ఓడల లెక్కనూ ఇలాగే థ్రాటిల్ చేయవచ్చా?

సీతమ్మధార నుంచి: "మొత్తం 42" అని పంపితే చేయవచ్చు. "+1" అని పంపితే ఒక్కటి వదిలినా లెక్క తప్పుతుంది. వాటిని కూడబెట్టి, టైమర్ మోగినప్పుడు మొత్తంగా కలపండి. కాంపొనెంట్ తీసేసేటప్పుడు డిస్కనెక్టెడ్‌కాల్‌బ్యాక్‌లో టైమర్ రద్దు చేసి, సాకెట్ లిజనర్ తీసేయండి. రియాక్ట్ (లిట్ లాంటి మరో లైబ్రరీ) వాడేవారు థ్రాటిల్‌ను రెండర్ లోపల కట్టవద్దు, ప్రతి రెండర్‌కీ కొత్త టైమర్ పుట్టి ఏదీ ఆగదు. యూజ్‌రెఫ్‌లో (రెండర్ల మధ్య నిలిచే చోట) దాచుకోండి.