రత్నభాండార్ గుట్టు జగన్నాథుడి కోసమా, అధికారుల కోసమా?

వంశధార ఒడ్డు: మా శ్రీకాకుళం వైపు పూరీ వెళ్లిరాని ఇల్లు తక్కువ. అందుకే అడుగుతున్నాను. 2018 ఏప్రిల్ 4న అధికారులు అక్కడి రత్నభాండార్ (జగన్నాథుడి నగలు దాచే ఆలయ ఖజానా) లోపలి గదిని పరిశీలించడానికి వెళ్లారు. తలుపు తెరవలేదు, కటకటాల బయటే నిలబడి లైట్లు వేసి చూసి వచ్చేశారు. తాళంచెవి లేదన్న సంగతి జనానికి తెలిసింది జూన్‌లో! గొడవ ముదిరాక, కలెక్టరేట్ రికార్డు గదిలో డూప్లికేట్ చెవులున్న కవరు దొరికిందన్నారు. జస్టిస్ రఘువీర్ దాస్ కమిషన్ విచారించి నవంబర్‌లో నివేదిక ఇచ్చింది. ఒడిశాలో నవీన్ పట్నాయక్ ప్రభుత్వం 2024లో దిగిపోయేదాకా దాన్ని బయటపెట్టలేదు. ఇది సబబేనా?

తులసిమాల: నా మటుకు సబబే. స్వామి నగలు స్వామి సొంతం, వాటి గురించి వీధిలో వాదులాట ఎందుకు? 2011లో తిరువనంతపురం అనంతపద్మనాభుడి నేలమాళిగల సంపద గురించి టీవీల్లో ఎంత రచ్చ జరిగిందో చూశాం. అక్కడ ‘బి’ గది తెరవాలా వద్దా అన్నది 2020లో సుప్రీంకోర్టు కూడా ఆలయ కమిటీకే వదిలేసింది. అయినా పూరీలో 12,831 భరీల (భరీ అంటే సుమారు 11.66 గ్రాములు) బంగారం ఉందని మంత్రే 2018లో అసెంబ్లీలో చెప్పారు కదా. ఇంకేం కావాలి?

వంశధార ఒడ్డు: తులసిమాల గారూ, అది 1978లో తీసిన లెక్క. 1985లో లోపలి గది తెరిచారు గానీ నగలు లెక్కపెట్టలేదు. ఆ తర్వాత 2024 జూలై 14 దాకా తెరవనే లేదు. ఆ రోజు కూడా ఉన్న చెవులు పనిచేయక తాళాలు పగలగొట్టారు. మరి కవరులో దొరికినవి దేని చెవులు? ఇది అడిగితే స్వామికి అపచారం ఎలా అవుతుంది? తాళం, కవరు, రికార్డు గది... ఇవన్నీ ఆఫీసు వ్యవహారాలు.

కొలువు భక్తుడు: తిరుమలలో రోజూ తెల్లవారుజామున కొలువు జరుగుతుంది. కొలువు శ్రీనివాసుణ్ణి సింహాసనం మీద కూర్చోబెట్టి, పంచాంగం చదివి, ముందురోజు హుండీ ఆదాయం ఎంతో విన్నవిస్తారు. నోట్లెన్ని, చిల్లర ఎంత అన్నీ. స్వామి ముందు లెక్క చదవడం అక్కడ పూజలో భాగం. లెక్క అడిగితే భక్తి తగ్గిందనడం మన సంప్రదాయం కాదండీ.

తులసిమాల: లెక్క స్వామికి చెప్పడం వేరు, ఊరందరికీ చాటడం వేరు. ఏ నగ ఎక్కడుందో తెలిస్తే దొంగలకు దారి చూపినట్టే. అక్కడ మాత్రం నేను తగ్గను. చెవి పోవడం గురించిన నివేదిక సంగతంటారా, దాన్ని దాచడానికి భద్రత కారణం కాదని ఒప్పుకుంటాను.

వంశధార ఒడ్డు: నేనడిగేదీ అంతవరకే. నగల ఫొటోలు వద్దు, కాపలా వివరాలు వద్దు. చెవి ఎవరి చేతిలో ఉండాలి, ఎప్పుడు పోయింది, పోయిందని తెలిసి ఎవరు మాట్లాడలేదు? ప్రభుత్వం నోరు విప్పకపోతే పుకార్లే మిగులుతాయి. లోపల పాములు కాపలా ఉన్నాయన్న మాట ఎంత పాకిందంటే, 2024లో తలుపు తీసే రోజు పాములు పట్టేవాళ్లను పిలిపించి పెట్టారు. పాములేమీ కనబడలేదు. తాళంచెవి పోగొట్టిందెవరో ఆ ప్రభుత్వం చెప్పనే లేదు.