ఖైదీలకు ఉద్యోగ సలహాలు తోటి ఖైదీలే చెప్పాలా? విశాఖ సెంట్రల్ జైలు గురించి

గాజువాక కుర్రోడు:
బ్రిటన్‌లో సెయింట్ గైల్స్ ట్రస్ట్ అనే సంస్థ ఖైదీలకే సలహాలిచ్చే పనిలో శిక్షణ ఇచ్చి, సర్టిఫికెట్ కూడా ఇప్పిస్తుంది. వాళ్లు తోటి ఖైదీలకు చదువు, ఉద్యోగం గురించి చెబుతారు. మన అడవివరంలోని విశాఖ జైల్లో ఎందుకు చేయకూడదు? ఐటీఐ, డిప్లొమా చేసినవాళ్లు లోపలా ఉంటారు కదా.

పెందుర్తి మాస్టారు:
తమ్ముడూ, ఇది కొత్తదేమీ కాదు. 1894 జైళ్ల చట్టంలోనే జైలు అధికారులుగా నియమించిన ఖైదీల గురించి సెక్షన్ ఉంది. కన్విక్ట్ వార్డర్లు, అంటే తోటి ఖైదీలకు కాపలా కాసే ఖైదీలు, అలా వచ్చినవాళ్లే. ఒక ఖైదీని మిగతావాళ్ల మీద కూర్చోబెడితే వాడు పెత్తనం చేస్తాడు. రేపు సలహాలిచ్చే మీ మెంటరు ఖైదీ కూడా అంతే. నీ ఫారం నింపాలంటే బీడీ కట్ట ఇవ్వమంటాడు.

గాజువాక కుర్రోడు:
వార్డరు చేతిలో తాళం ఉంటుంది మాస్టారూ, ఇతని చేతిలో ఏముంటుంది? కేసు కాగితాలు ముట్టుకోనివ్వకుండా, సిబ్బంది ఎదుటే కూర్చోబెడితే సరిపోతుంది.

పెందుర్తి మాస్టారు:
తాళం లేకపోయినా పెత్తనం వస్తుంది.

కంచరపాలెం:
బయట ఉన్న మా పిల్లలకి ఎవరైనా చెప్తున్నారా ముందు?

మధురవాడ అక్క:
జైల్లో కెరీర్ గైడెన్స్ ఇప్పటికే నడుస్తోంది. ఇచ్చేది గంజాయి బ్రోకర్లు. మా తమ్ముడు వ్యాను డ్రైవరు. లోడులో ఏముందో తెలియక మన్యం ఏజెన్సీ నుంచి వస్తూ దొరికాడు. 20 కిలోలు దాటిన గంజాయి కేసులో బెయిలు ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుస్తుంది. వేరే జిల్లాలో రిమాండులో ఉండగా రోజూ ఒకడు పక్కన చేరి, నీకిక ఉద్యోగం ఎవడిస్తాడు, బయటికొచ్చాక నా బండి తోలు అని చెప్పేవాడట. దానికి బదులు చెప్పగలిగేది లోపలి మనిషే. వారానికోసారి వచ్చే ఆఫీసరు మాట అక్కడ ఎవరు నమ్ముతారు?

పెందుర్తి మాస్టారు:
అమ్మా, ఒక్కటి చెప్పండి. కంపెనీ ఫారంలో కేసులున్నాయా అని అడిగితే మీ మెంటరు ఏం రాయమంటాడు? లేవని రాయమంటాడు. అబద్ధాలకు శిక్షణ!

మర్రిపాలెం లాయరు:
అందుకే శిక్షణ కావాలి. దాచిపెడితే ఆ ఒక్క కారణంతోనే ప్రభుత్వ ఉద్యోగం పోవచ్చు. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు ఇవన్నీ వివరంగా చెప్పింది. తెలియక లేవని రాసేసి తర్వాత ఏడ్చేవాళ్లే ఎక్కువ.

పెందుర్తి మాస్టారు:
నిజం రాస్తే తీసుకోవాలని ఉందా అందులో?

మర్రిపాలెం లాయరు:
లేదు. పూర్వాపరాలు చూసే హక్కు యజమానికి ఉంది.

పెందుర్తి మాస్టారు:
మరి దేనికీ గొడవంతా?

గాజువాక కుర్రోడు:
డాక్‌యార్డ్ గేటు పాసుకి పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది, ఏసీ రిపేరు షాపులో మామూలుగా ఎవరూ అడగరు. ఎక్కడికి వెళ్లాలో, ఎక్కడ టైం వృథానో చెప్పేవాడు కావాలి మాస్టారూ. మీకు అర్థం కావట్లేదా, కావాలనే ఒప్పుకోవట్లేదా?

పెందుర్తి మాస్టారు:
నాకు అర్థమవుతుంది బాబూ. మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా. అచ్యుతాపురంలో ఒక కంపెనీ చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగాయి. వాడిని పిలిచి ఒక్క మాట చెప్పిన దిక్కు లేదు. ఏ తప్పూ చేయనివాడు రోడ్డు మీద ఉంటే, తప్పు చేసినవాడికి పీట వేస్తారా?

మధురవాడ అక్క:
మా తమ్ముడి కేసు కోర్టు కొట్టేసింది మాస్టారూ. పాత ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు. మీ అబ్బాయి బాధ నిజమే. దానికి మా తమ్ముడేం చేశాడు?

మర్రిపాలెం లాయరు:
2022 జాతీయ లెక్కల ప్రకారం జైళ్లలో నూటికి దాదాపు 76 మంది విచారణ ఖైదీలే. తప్పు చేశారని ఇంకా ఎవరూ తేల్చలేదు.

పెందుర్తి మాస్టారు:
సరే, విచారణ ఖైదీలకు సలహాలు చెప్పించండి, కాదనను. శిక్ష పడ్డవాడు గురువుగా కూర్చోవడానికి మాత్రం ఒప్పుకోను.

గాజువాక కుర్రోడు:
రిమాండు ఖైదీ సలహాలు చెప్పడం నేర్చుకునేలోపే బెయిలొచ్చి వెళ్లిపోతాడు. ఏళ్ల తరబడి లోపల ఉండేది శిక్ష పడ్డవాళ్లే. నేర్పితే వాళ్లకే నేర్పాలి.

పెందుర్తి మాస్టారు:
అయితే మనకి కుదరదు తమ్ముడూ.

మధురవాడ అక్క:
మీకు కుదరకపోయినా ఆ బ్రోకరు మాత్రం అక్కడే కూర్చుని ఉన్నాడు మాస్టారూ. వాడికి పోటీగా ఎవరిని కూర్చోబెడదామో మీరే చెప్పండి.