వేసవి శిబిరంలో వంట: మగపిల్లలకు తప్పనిసరి, ఆడపిల్లలకు ఐచ్ఛికం. ఇది సబబేనా?

కోనసీమ మాస్టారు (చర్చ ప్రారంభం):
అమలాపురం దగ్గర మా ఊళ్ళో యువజన సంఘం ఏటా మే నెలలో ఎనిమిది నుంచి పదో తరగతి వరకు చదివే పిల్లలకు మూడు వారాల శిబిరం నడుపుతుంది. చదరంగం, కంప్యూటరు, ఇంగ్లీషు ఇంతకాలం ఉన్నవే. ఈ ఏడు వంట చేర్చాము. పేర్లిచ్చినవారిలో మగపిల్లలు ముగ్గురే. అందుకని వంట తరగతిని మగపిల్లలకు తప్పనిసరి చేసి, ఆడపిల్లల ఇష్టానికి వదిలేద్దామని నేను ప్రతిపాదించాను. సంఘంలో సగం మంది ఔనన్నారు, తక్కినవారు లేచి వెళ్ళిపోయారు.

పదమూడేళ్ళు నిండిన ఆడపిల్ల సెలవుల్లో ఎలాగూ అమ్మకు సాయంగా ఎసరు పెడుతూనే ఉంటుంది. శిబిరంలోనూ ఆమెను పొయ్యి దగ్గరే నిలబెడితే, చదరంగం బల్ల ముందు కూర్చునే ఆ కాస్త తీరికా పోతుందన్నదే నా వాదన. నేర్పదలచుకున్నవి పండగ వంటలు కావు. ఆత్రేయపురం పూతరేకులు నేర్పించమని కొందరు అడిగారు. వాటికి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మాట నిజమే కానీ, బోర్లించిన కుండ మీద పిండిగుడ్డను ఒక్క విసురున లాగడం మూడు వారాల్లో పట్టుబడే పని కాదు. అన్నం, పప్పు, చారు, ఒక వేపుడు, ఒక రోటి పచ్చడి, అంతే. సభ్యులు తమ అభిప్రాయం తెలపవలసిందిగా కోరుతున్నాను.

రావులపాలెం అమ్మ:
మాస్టారూ, మీ ఉద్దేశం మంచిదే కానీ, ఆడపిల్లకు వంట వచ్చే ఉంటుందని మీకు మీరే తేల్చేశారు. మా అమ్మాయి ఈ ఏడు పదో తరగతి పరీక్షలు రాసింది. ఆమెకు సిలిండరుకు రెగ్యులేటరు బిగించడం రాదు, ఎందుకంటే మా ఇంట్లో అది మగవాళ్ళ పని. గ్యాసు వాసన వస్తే ఏం చెయ్యాలో మా అబ్బాయికీ తెలియదు. వంటగ్యాసు గాలి కన్నా బరువైనది కనుక నేల మీదే పేరుకుంటుందనీ, అప్పుడు ఏ స్విచ్చూ ముట్టుకోకుండా రెగ్యులేటరు కట్టేసి, తలుపులూ కిటికీలూ తెరవాలనీ ఇద్దరికీ చెప్పవలసిందే. చెయ్యి కాలితే టూత్‌పేస్టు రాయకుండా, ఇరవై నిమిషాల పాటు కుళాయి ధార కింద ఉంచాలన్నదీ అంతే. పైగా "తప్పనిసరి" అన్న మాట వినగానే మగపిల్లలు దాన్ని శిక్ష కింద జమకడతారు.

గాడిపొయ్యి:
నేను ముప్ఫై ఏళ్ళుగా పెళ్ళిళ్ళకు వంట చేస్తున్నవాణ్ణి. మగపిల్లలకు వంట నామోషీ అంటారు కానీ, పెళ్ళి పందిట్లో గాడిపొయ్యి చుట్టూ నిలబడేది ఎక్కువగా మగవాళ్ళమే. కూలి వచ్చే చోట వంట మగవాడి పని, కూలి రాని చోట ఆడవాళ్ళ పని అయి కూర్చుంది. నా దగ్గరకు వచ్చే కుర్రవాళ్ళకు మొదట పనసపొట్టు కొట్టడం అప్పజెబుతాను: చేతులకూ కత్తికీ నూనె పట్టించి, కాయను ఎడమ చేత్తో తిప్పుకుంటూ, పొట్టు సన్నగా సమంగా రాలేటట్టు కొట్టాలి. నూనె రాసుకోవడం మరిచినవాడు జిగురుతో అవస్థపడి, ఇక జన్మలో మరవడు. ఇంత పనీ నేర్చుకున్నవాడు ఇంటికి వెళ్ళి, కంచం ముందు కూర్చుని, పక్కనే ఉన్న మంచినీళ్ళ చెంబు కూడా అందించమంటాడు. నేనూ అలాంటివాణ్ణే, దాచడం ఎందుకు? అందుచేత మాస్టారి ప్రతిపాదనకే నా ఓటు. ఒక్క మనవి: రోహిణి కార్తె ఎండలో మధ్యాహ్నం పొయ్యి వెలిగించవద్దు, ఉదయం ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదింటికల్లా ముగించండి.

లంక రైతు:
లంకల గన్నవరంలో వేళాపాళా లేకుండా వచ్చినవారందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారు (1841–1909) పుట్టిన సీమ మనది. బడి మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరే పెట్టుకున్నాము. అటువంటి చోట ఆడపిల్లలకు వంట అక్కరలేదన్న సంకేతం ఇవ్వడం నాకు నచ్చలేదు.

హాస్టలు కుర్రాడు:
సీతమ్మ గారిని మనం తలుచుకునేది ఆకలితో వచ్చినవాణ్ణి వట్టి చేతులతో పంపనందుకు కదండీ. ఆ గుణం మగపిల్లలకు మాత్రం వద్దా? హైదరాబాదులో గది తీసుకుని మూడేళ్ళు కర్రీ పాయింటు మీద బతికిన నాకు, ఊళ్ళో ఉండగా ఎవరైనా పప్పు కుక్కరులో పెట్టడం నేర్పి ఉంటే బాగుండేది. నేను తప్పనిసరి వైపే.

కోనసీమ మాస్టారు:
రావులపాలెం అమ్మగారి మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆడపిల్లలకు వచ్చే ఉంటుందని అనుకోవడం నా పొరపాటే. కనుక ప్రతిపాదన మారుస్తున్నాను. మొదటి రోజు ఆడామగా తేడా లేకుండా ప్రతివారూ రెగ్యులేటరు బిగించి, స్టవ్వు వెలిగించి, గంజి వార్చి అన్నం వండి చూపాలి. చెయ్యగలిగినవారు ఎవరైనా సరే, చదరంగానికి వెళ్ళిపోవచ్చు; రానివారు నేర్చుకునేదాకా వంటలోనే ఉండాలి. లంక రైతు గారూ, ఇందులో ఎవరికీ వంట అక్కరలేదన్న సంకేతం లేదని మనవి.

రావులపాలెం అమ్మ:
దీనికి ఒప్పుకుంటాను, ఒక్క షరతు మీద. పరీక్షలో అంట్లు తోమడం, గట్టు తుడవడం కూడా చేర్చండి. మా అబ్బాయి ఆమ్లెట్టు అద్భుతంగా వేస్తాడు. వేసిన తరువాత మూకుడు మూడు పూటలు స్టవ్వు మీదే ఉంటుంది. వాడి పేరు రాసుకోండి. అమ్మాయి పేరు కూడా రాయండి. రెగ్యులేటరు రోజున మాత్రం వాళ్ళ నాన్నను శిబిరం దరిదాపులకు రానివ్వవద్దు, "నువ్వు తప్పుకో" అని లాక్కుంటారు.