1926 పారిస్ హోటల్లో గదికో గ్యాస్ కుళాయి ఉండేదా?

నేను రాస్తున్న డిటెక్టివ్ నవల 1926 ఫిబ్రవరిలో, పారిస్‌లోని మోంపర్నాస్‌లో జరుగుతుంది. డాలరుకు ఫ్రాంకులు దండిగా వచ్చే రోజులు కాబట్టి అమెరికన్ రచయితలు అక్కడ చవగ్గా బతికేవారు. వాళ్లలో ఒక కవి గ్యాస్ హీటర్ వెలిగించుకుని, గది గడియ వేసుకుని పడుకుంటాడు. హంతకుడు బయటి నుంచి గ్యాస్ ఆపి, మంట ఆరాక మళ్లీ వదులుతాడు. అప్పటి గ్యాస్ బొగ్గు నుంచి తీసేది, అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉండేది. తెల్లారేసరికి శవం మీద చెర్రీపండు రంగు మచ్చలు. పోలీసులు ప్రమాదం అనుకుంటారు.

చిక్కు ఇక్కడే. మెయిన్ కుళాయి కట్టేస్తే పక్క గదుల్లోనూ మంట ఆరుతుంది, వాళ్లూ చావాలి. మిగతా గదులు ఖాళీ అని రాసి చూశాను, అతకలేదు. అంతస్తుకో కుళాయి పెట్టినా పక్కగది బాధ తీరలేదు. పాత ఫోటోలు వెతికితే పొయ్యిలు కనిపిస్తున్నాయి గానీ గొట్టం ఎటు పోయిందో తెలియడం లేదు. పాఠకుణ్ణి మోసం చెయ్యడం నాకిష్టం లేదు, ఈ హత్య నిజంగా జరగగలిగేదై ఉండాలి.

పారిస్ పాత భవనాల గురించి, అప్పటి గ్యాస్ లైన్ల గురించి తెలిసినవారు దయచేసి చెప్పండి: ఆనాటి చవక హోటళ్లలో ఒక్కో గదికి విడిగా, నడవాలోంచి తిప్పగలిగే కుళాయి ఉండేదా?