‘హప్‌నిదా’ అని రాసి ‘హమ్నిదా’ అంటారేం?

ప్రశ్న: కొరియన్ భాష లిపి హంగుల్‌లో ఉన్నది ప అక్షరం, వినిపించేది మ. ఇది మినహాయింపా, నియమమా?

జవాబు: నియమమేనండీ. అక్షరం అడుగున వచ్చే హల్లును పత్చిమ్ అంటారు. పత్చిమ్‌లో క్, త్, ప్ ఉండి వెంటనే న గాని మ గాని వస్తే అవి వరసగా ఙ్, న్, మ్ అవుతాయి. నాలుక, పెదవులు ఉన్నచోటే ఉంటాయి, గాలి మాత్రం ముక్కులోంచి పోతుంది. కుక్ + ముల్ = కుఙ్ముల్ (సూప్‌లోని నీరు), షిప్ + మాన్ = షిమ్మాన్ (లక్ష). వాక్ + మయం వాఙ్మయం అయినట్టే, అచ్చంగా మన అనునాసిక సంధి. కాకపోతే మనం మారిన రూపాన్నే రాస్తాం, వాళ్ళు మూలాన్ని అలాగే రాసి నోటితో మారుస్తారు.

మనవాళ్ళు తప్పేది ఎక్కడంటే, హల్లు చివర ఉత్వం తగిలించి ‘కుకుముల్’ అనేస్తారు. మధ్యలో అచ్చు దూరితే ఇక సంధి జరగదు. క్ దగ్గర నాలుకతో గాలిని ఆపి, విడవకుండానే మ లోకి వెళ్ళాలి.

మరొకరు: మరి సియోల్‌లోని తోఙ్నిమ్మున్? 1897లో పూర్తయిన ఆ స్వాతంత్ర్య ద్వారం పేరును అక్షరాల ప్రకారం చదివితే ‘తోక్-రిప్-మున్’ కదా?

జవాబు: మంచి ఉదాహరణ తెచ్చారు. అందులో మూడు మార్పులున్నాయి. క్ తర్వాతి ర ముందు న అయింది. ఆ న వల్ల క్ కాస్తా ఙ్ అయింది. చివర మ ముందున్న ప్, మ్ అయింది. చోఙ్నో వీధి పేరులోనూ ర ఇలాగే న అయింది. కానీ న్ పక్కన ర వస్తే మామూలుగా రెండూ ల్ల అవుతాయి: షిన్ + రా = షిల్లా (పాత రాజ్యం), హాన్ + రా + సాన్ = హల్లాసాన్ (కొండ). ‘ఉత్పత్తి పరిమాణం’ అనే మాట మాత్రం సేఙ్సాన్న్యాఙ్, అక్కడ ల్ల రాదు. సేఙ్సాన్ (ఉత్పత్తి) విడిగా నిలబడే మాట, ర్యాఙ్ దానికి తగిలించిన ముక్క. ఇలాంటివి నిఘంటువు చూసుకోవాల్సిందే. కొరియన్‌ను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే 2000 నాటి అధికారిక రోమన్ పద్ధతి ఈ న, ల మార్పులన్నిటినీ రాతలో చూపిస్తుంది.

ప్రశ్న: ఆ రేవు నగరం పేరు పుసానా, బుసానా?

జవాబు: రెండింటికీ ఒకటే అక్షరమండీ. మాట మొదట్లో పరుషం, అచ్చుల మధ్య సరళం. అందుకే దంపతులు ‘పుబు’, మాంసం ‘కోగి’. గసడదవాదేశానికి దగ్గరి చుట్టమే. అయితే మొదటి క కి కాస్త ఊపిరి తోడవ్వాలి. తెలుగు క ని ఉన్నదున్నట్టు పలికితే వాళ్ళ చెవికి బిగించి పలికే జంట క లా తోస్తుంది. ఆ జంట క ‘హక్క్యో’ (బడి)లో వస్తుంది, అక్కడ మన ‘చుక్క’లోని క్క సరిగ్గా సరిపోతుంది.

ఇంకొకటి, ఇవి ఒక్క మాటలోపలే జరుగుతాయనుకోకండి. పప్ (అన్నం), మొగో (తిను) ఆగకుండా అంటే ‘పమ్మొగో’. మధ్యలో ఆగితే ప్ ప్‌గానే మిగులుతుంది.